తట్ట మోతకు స్కేటింగ్ లెక్క

1946 మార్చి. గిద్దలూరు, కొమరోలు ప్రాంతమంతా అప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేది, పైన మద్రాసు ప్రభుత్వం. ముందటేడు వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తు పెరగకుండానే మాడిపోయింది. కొమరోలుకు దక్షిణంగా, ఊరి పేరు చెప్పను, ఒక పాత చెరువు ఉంది. దాని కట్ట తెగి ఏళ్లు గడిచింది. ఆ కట్టను మళ్లీ పోయించే పనిని కరువు పనిగా తెరిచారు. చుట్టుపక్కల పది ఊళ్ల జనం పార, తట్ట పట్టుకుని వచ్చి చేరారు. ఆ పని మీదకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా నన్ను పంపారు. నాకు ఇరవై ఆరేళ్లు. లెక్కల్లో దిట్టనని పేరు, ఆ పేరు మీద కొంచెం పొగరు కూడా ఉండేవి.

మా ఉద్యోగం గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. హెల్త్ ఇన్‌స్పెక్టరు డాక్టరు కాడు. తాగే నీళ్ల బావిలో బ్లీచింగ్ పౌడరు కలపాలి. జనం గుమిగూడిన చోట కలరా సూదులు వేయించాలి. దొడ్డికి గుంతలు తవ్వించి, వాటి మీద రోజూ మన్ను పోయించాలి. ఈ పనులన్నీ నాకు వచ్చు. రాని పని ఒకటి ఆ ఏడు నెత్తిన పడింది. మట్టి పని చేసేవాళ్లకు రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయో అంచనా వేసి, ఫారం నింపి పంపమన్నారు.

క్యాలరీ అంటే వేడికి కొలత. లీటరు నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో అంత. తిన్న తిండి ఒంట్లో ఎంత వేడి పుట్టిస్తుందో, చేసిన పని ఎంత వేడిని ఖర్చు పెడుతుందో, రెండూ ఈ కొలతతోనే చెప్తారు. రాబడికంటే ఖర్చు ఎక్కువైతే ఒళ్లు తనను తానే కాల్చుకుంటుంది. ముందు కొవ్వు పోతుంది, తర్వాత కండ పోతుంది. పుస్తకంలో చదువుకోవడానికి ఇది చాలా చక్కగా ఉంటుంది.

ఆ పనిలో కూలి కొంత గింజల్లోనే ఇచ్చేవారు. గింజలు దొరకడమే గగనంగా ఉన్న రోజులు. అందుకని పనిని రెండు తరగతులు చేశారు. ఎక్కువ క్యాలరీలు తినే పని హెవీ, మధ్యరకం పని మోడరేట్. హెవీ తరగతికంటే మోడరేట్ తరగతికి రోజుకు గిద్దెడు, అంటే గుప్పెడు పైచిలుకు, జొన్నలు తక్కువ. ఏ పని ఏ తరగతిలోకి వస్తుందో తేల్చాల్సింది నేను. అందుకోసం ఇంగ్లండులో అచ్చయిన ఒక పుస్తకం చేతికిచ్చారు. దాని చివర పెద్ద టేబుల్. ఏ పనికి గంటకు ఎన్ని క్యాలరీలో వరసగా ఉంది. కుర్చీలో కూర్చోవడం, టైపు కొట్టడం, బట్టలు ఇస్త్రీ చేయడం, గుర్రపు స్వారీ, జంటగా నాట్యం చేయడం, రంపంతో కట్టె కోయడం, పారతో కందకం తవ్వడం. తట్ట మోయడం లేదు. ఆ దేశంలో తట్టలు ఎవరు మోస్తారు?

పార పనికి ఇబ్బంది లేదు. కందకం తవ్వడం కింద ఉన్న అంకె తీసుకుని హెవీ అని రాసేశాను. తట్ట దగ్గర ఆగిపోయాను. టేబుల్ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నాలుగైదు సార్లు చదివాను. అప్పుడు కంటబడింది రోలర్ స్కేటింగ్.

ఆ వరస చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మద్రాసులో ట్రైనింగు తీసుకునేటప్పుడు ఒక ఎగ్జిబిషన్‌లో చెక్క పలకలు పరిచిన నేల మీద జనం చక్రాల బూట్లు తొడుక్కుని గుండ్రంగా జారుతుంటే చూశాను. అద్దెకిస్తారంటే నేనూ తొడుక్కున్నాను. రెండు చేతులూ బార్లా చాపి, వీపు నిటారుగా పెట్టి, ఒక కాలు తోసి ఇంకో కాలి మీద జారడం. నాలుగుసార్లు పడ్డాను. చొక్కా పిండితే చెమట కారింది, రెండు రోజులు తొడలు పట్టేశాయి. అంత కష్టమైన పని గనక తట్టకు అది సరిపోతుందనుకున్నాను. నా వరకు నేను ఉదారంగానే ఉన్నాననుకున్నాను.

గిద్దలూరు బంగళాలో మా పై అధికారి మకాం చేసినప్పుడు ఫారం తీసుకుపోయి చూపించాను. ఆయన మద్రాసు మనిషి. మంచివాడే. వరండాలో వాలుకుర్చీలో కూర్చుని చదువుతూ, స్కేటింగ్ దగ్గర కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇదేమిటండీ? కొమరోల్లో స్కేటింగా?"

"తట్ట మోతకు దగ్గరగా ఉన్నది అదేనండి," అన్నాను. "రెండూ కాళ్ల పనే. రెంటిలోనూ వీపు నిటారుగా ఉండాలి. స్కేటింగులో ఒక తోపు, ఒక జారుడు. తట్టలో పోయేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఖాళీ. సగం శ్రమ, సగం విశ్రాంతి. సరాసరి చూస్తే సరిపోతుంది."

ఆయన బూట్లు విప్పేసి, మేజోళ్లతోనే ఆ నున్నటి గచ్చు మీద రెండడుగులు జారాడు. యౌవనంలో స్కేటింగ్ బాగా చేసేవాడట. స్తంభం పట్టుకుని ఆగి, రొప్పుతూ నవ్వాడు. "బాగా పట్టారు. బుర్ర ఉంది మీకు," అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. స్కేటింగ్ అంకె పార అంకెకంటే బాగా తక్కువ గనక తట్ట మోత మోడరేట్ అయింది. ఫారం కింద సంతకం నాది. చదవేస్తే ఉన్నమతి పోయినట్టు అంటారు. అది నన్ను చూసే అని ఉంటారు.

పార పట్టేది మగవాళ్లు, తట్ట మోసేది ఆడవాళ్లు. ఒక పారకు రెండు తట్టలు ఒక జట్టు. మొగుడు తవ్వి ఎత్తితే పెళ్లాం, ఆడబిడ్డ మోస్తారు. సాయంత్రం మేస్త్రీ వచ్చి కొలిచేది గుంతను. లోతు తెలియడానికి గుంత మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు, దాని ఎత్తు పట్టుకుంటే ఎంత తవ్వారో తెలుస్తుంది. మోతను కొలిచే దిమ్మె ఏదీ లేదు. నేను రాసిన తరగతితో ఆడవాళ్లందరికీ రోజూ గిద్దెడు తగ్గింది.

మా శాఖ ఇంకో పని కూడా చెప్పింది. పన్నెండు మంది మగవాళ్లను, పన్నెండు మంది ఆడవాళ్లను ఎంచుకుని వారానికోసారి తూచి రాయమంది. గిద్దలూరు కొట్టునుంచి బస్తాలు తూచే కాటా తెప్పించి కట్ట పక్కన కొయ్య పాతి వేలాడదీయించాను. ఒక పక్క పలక మీద మనిషి, ఇంకో పక్క రాళ్లు. మగవాళ్లు ఎక్కారు. ఆడవాళ్లు ఒక్కరూ ముందుకు రాలేదు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు.

"బతికుండే మనిషిని తూస్తారా అయ్యా?" అన్నదొకామె. "తూచేది కోతకు పోయే పొట్టేలును గదా."

ఆమె ఓబులమ్మ. ముప్పై లోపే ఉంటుంది. గొర్రెలు కాచుకునే ఇంటి మనిషి. ఆ ఏడు మంద సగం చచ్చి, సగం అయినకాడికి అమ్ముడుపోయి, రెండు మేకలు మిగిలాయి. మొగుడు చెన్నయ్య, అత్త కాశమ్మ, చంకలో పదినెలల పిల్లాడు. మొగుడూ పెళ్లాం, ఆడబిడ్డ కలిసి ఒక జట్టు. కాశమ్మ కట్ట కింద తుమ్మచెట్టుకు గుడ్డ ఉయ్యాల కట్టి పిల్లాణ్ణి చూసుకునేది.

అంత నవ్వించి, అందరికంటే ముందు పలక ఎక్కింది కూడా ఓబులమ్మే. దిగుతూ, "మాకు రాళ్లెందుకయ్యా? ఇట్ల చూస్తే తెలియదా?" అని పక్కనున్న ఆడబిడ్డ నడుం మీద బొటనవేలు పెట్టి నొక్కి చూపించింది. గొర్రె చిక్కిందా లేదా అని వాళ్లు చూసేది అట్లాగేనట. వెన్నుపూస వేలికి తగిలితే చిక్కినట్టు. ఆడబిడ్డ చక్కిలిగింతలకు కేక పెట్టి పరుగెత్తింది. అందరూ నవ్వారు. ఆ చెరువు దగ్గర నేను విన్న నవ్వుల్లో అదే పెద్దది.

మూడో వారానికి ఆడవాళ్ల పక్క ఒక వీశె రాయి, దాదాపు కిలోన్నర, తీసేయాల్సి వచ్చింది. ఐదో వారానికి కొందరికి రెండోది. మగవాళ్ల రాళ్లు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ఓబులమ్మ అందరికంటే ఎక్కువ పడిపోయింది. దవడ ఎముకలు బయటికొచ్చాయి. పాలు తగ్గిపోయి పిల్లాడికి మేకపాలు పట్టిస్తున్నారు. నా లెక్క ప్రకారం ఇలా జరగకూడదు. లెక్క తప్పని నాకు తోచలేదు. మనుషులే తప్పు చేస్తున్నారని తోచింది.

పై అధికారికి రాస్తే ఆయన కూడా అదే మాట రాశాడు. గింజలు ఇంటికి పట్టుకెళ్లి పశువులకు పెడుతుండవచ్చు, విచారించండి అని. పాడి మేక ఉన్న ఇల్లు నాకు తెలిసి ఓబులమ్మదే. ఆ మధ్యాహ్నం గింజల కొట్టం దగ్గర, వరసలో నిలబడ్డ జనం ముందరే అడిగాను.

"ఏమమ్మా, ఇచ్చిన జొన్నలు ఏం చేస్తున్నావు? మేకకు పెడుతున్నావా?"

వరసంతా మెడలు తిప్పి చూసింది.

"పెట్టలేదయ్యా. మేమే తింటన్నాం."

"మరి నీ బరువు ఎందుకు పడిపోతుంది? మగవాళ్లు బాగానే ఉన్నారు గదా. మేక పాలిస్తుందంటే ఏం తిని ఇస్తుంది? ఆకులు ఎక్కడున్నాయి ఈ ఎండకు?"

చెన్నయ్య తల దించుకున్నాడు. ఓబులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "కరువులో గొర్రె గడ్డి లేక చావదయ్యా," అన్నది. "ఆడ ఇంత, ఈడ ఇంత ఉంటాది గడ్డి. దాని కోసం నడిచి నడిచి చస్తాది. నడకకు పోయేదే ఎక్కువ, నోటికి వచ్చేది తక్కువ. మా నాయన ఎప్పుడూ అదే చెప్పేటోడు."

నేను అడిగినదానికి జవాబు చెప్పకుండా గొర్రెల కథ చెప్తోందని విసుక్కున్నాను. ఆమె చెప్పినదాంట్లో నా పుస్తకమంతా ఉందని తెలిసేంత తెలివి నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున నా గుడారం ముందర బల్ల వేసుకుని కూర్చుంటే వచ్చింది. కొంగులో ఏదో మూట. విప్పి బల్ల మీద కుమ్మరించింది. మేక పెంటికలు. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"చూడయ్యా," అని ఒక్కొక్కటే వేళ్లతో నలిపి నా ముందర విప్పింది. "గింజ తిన్న మేకకు పెంటికలో పొట్టు దిగుతాది. అరగని గింజ కూడా దిగుతాది. ఇందులో ఉందేమో నువ్వే చూడు. తుమ్మాకు, ఎండు కాయ. అంతే. రెండు మేకలవీ తెచ్చినా. ఇంగా కావాలంటే రేపు తెస్తా."

పదిహేనో ఇరవయ్యో నలిపింది. ఎండుటాకు పొడి తప్ప ఏమీ లేదు. బల్ల మీద నా ఇంగ్లండు పుస్తకం పక్కనే ఆ పొడి కుప్పగా పడింది. ఆమె చేతులు దులుపుకుని, పని గంట కొట్టేశారని చెప్పి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. జీవితంలో అంత సిగ్గు మళ్లీ ఎప్పుడూ పడలేదు.

ఆ పూటే టేపు తీసుకుని కట్ట దగ్గరికి పోయాను. మట్టి పనిలో రెండు మాటలున్నాయి, లీడ్, లిఫ్ట్. గుంతనుంచి మట్టి పోసే చోటికి దూరం లీడ్. ఎంత ఎత్తుకు మోయాలో అది లిఫ్ట్. నేను ఫారం నింపిన రోజు గుంతలు కట్ట పాదం దగ్గరే ఉన్నాయి, కట్ట నడుమెత్తు. ఆరు వారాల్లో దగ్గర మట్టి అయిపోయి గుంతలు చెరువు నడిమికి జరిగాయి. కట్ట రెండు నిలువుల ఎత్తు లేచింది. లీడూ పెరిగింది, లిఫ్టూ పెరిగింది. ఫారంలో అంకె మాత్రం కదలలేదు.

చెన్నయ్యను అడిగి ఒక తట్ట నింపించుకున్నాను. తలకు చుట్టకుదురు ఓబులమ్మే పెట్టింది. అందరూ పని ఆపి చూశారు. చదునుగా ఉన్నంతసేపూ బాగానే నడిచాను. కట్ట ఎక్కడం మొదలుపెట్టాక నాలుగో అడుగులో వదులు మన్ను కాలి కింద జారింది. ఒకడుగు ఎక్కితే అరడుగు కిందికి. మెడనరాలు తెగిపోతాయేమో అనిపించింది. పైకి చేరి తట్ట గుమ్మరించేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. దిగడం విశ్రాంతి అనుకున్నాను గదా, దిగేటప్పుడు మోకాళ్లు గజగజ వణికాయి. పదకొండు తట్టలు మోశాను. పన్నెండోది ఎత్తుకోలేకపోయాను. తిండి తిన్న మగవాణ్ణి. వాళ్లు పొద్దంతా మోస్తారు. అంతకుముందే తెల్లారగట్ల లేచి, ఆ గట్టి జొన్నలు తిరగట్లో విసరాలి. మూడు మైళ్లు నడిచి రావాలి, మూడు మైళ్లు నడిచి పోవాలి. పాలిచ్చే తల్లి అయితే పాలు కూడా ఒంట్లోంచే రావాలి. ఇవేవీ నా ఫారంలో లేవు.

గుడారానికి వచ్చి పుస్తకం తెరిచాను. టేబుల్ రెండో పేజీలో మెట్లు ఎక్కడం అన్న వరస ఉంది. దాని అంకె కందకం తవ్వడం కంటే ఎక్కువ. ఆ వరస నేను మొదటి రోజే చదివాను. చదివి దాటేశాను. ఎందుకంటే కట్టకు మెట్లు లేవు గదా!

ఆ రోజే పై అధికారికి ఉత్తరం రాశాను. తట్ట మోతను హెవీలోకి మార్చాలని, మొదటి అంచనా నా పొరపాటని. వారానికి జవాబొచ్చింది. అంచనా మీదే, సంతకం మీదే, మార్చడానికి ఆధారం చూపండి అని. ఆధారంగా మెట్ల వరస, కట్ట కొలతలు, బరువుల పట్టిక అన్నీ జతచేసి మళ్లీ పంపాను. అది ఆయన దగ్గరినుంచి ఇంకా పైకి పోవాలట.

ఈ మధ్యలో గింజలు కొలిచే గుమాస్తా ఒక మాట అన్నాడు. ఆ మాట నేను చెప్పకుండా దాచుకోవచ్చు, కానీ దాచను. "సారూ, పైనుంచి వచ్చేలోగా మీరు ఒక చీటీ రాసియ్యండి. తట్టోళ్లకు కూడా హెవీ కొలత అని. మీ సంతకం ఉంటే నేను కొలుస్తా," అన్నాడు. నేను రాయలేదు. ఒకసారి సంతకం చేసి తప్పు చేశాను, మళ్లీ ఉత్తరువు లేకుండా చేస్తే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. పెళ్లయి ఏడాది కాలేదు. ఇంకో పది రోజుల్లో ఎలాగూ వస్తుందిలే అనుకున్నాను.

నా చేతిలో ఉన్నదల్లా ఒకటే, అశక్తుల చీటీ. పని చేయలేనివాళ్లకు అది రాసిస్తే గంజి కేంద్రంలో ఊరకే గంజి పోస్తారు. ఓబులమ్మను పిలిచి చెప్పాను.

"రేపటినుంచి తట్ట ఎత్తొద్దమ్మా. చీటీ ఇస్తాను. కూర్చుని గంజి తాగు."

"నేను కూచుంటే వాని పార కూడా కూచుంటాది అయ్యా," అన్నది. "ఒక్క తట్టతో గుంత ఖాళీ అయ్యేదెట్ల? వదినె ఒక్కతే ఎంతని మోస్తాది? కొలత రాదు. కొలత లేకుంటే ముగ్గురికీ గింజల్లేవు."

"నీ ఒళ్లు చూసుకున్నావా? ఇట్లా అయితే..."

"చూసుకుంటా ఉన్నాలే నాయనా." మొదటిసారి నన్ను నాయనా అన్నది. "నువ్వు రాసినావంట గదా పైకి. గిద్దెడు వస్తే నిలబడతా. ఎప్పుడొస్తాది?"

"వస్తుంది. ఈ వారంలో," అన్నాను.

ఆమె ఆ మాట నమ్మింది. అందుకే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. తర్వాత రోజుల్లో కట్ట దిగుతూ నేను కనిపించినప్పుడల్లా, వచ్చిందా అన్నట్టు గడ్డం ఎత్తి అడిగేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆమె తట్ట ఎత్తుకునేది. మూడోరోజునుంచి నేను ఆ దారిన పోవడం మానేశాను.

మే మొదటి వారంలో ఒక పగలు, ఎండ నడినెత్తి మీదికి ఇంకా రాకముందే, కట్ట మీద కేకలు వినిపించాయి. నేను పోయేసరికి ఓబులమ్మ కట్ట వాలులో బోర్లా పడి ఉంది. తట్ట దొర్లి కిందికి పోయింది. తట్టలోని మట్టి ఆమె జుట్టులో, మెడ మీద పడింది. తిప్పి పడుకోబెట్టి మొహం మీద నీళ్లు చల్లాను. నాడి దారంలా ఉండి, కాసేపటికి అది కూడా అందలేదు. ఎండదెబ్బ తగిలితే ఒళ్లు కాలిపోవాలి, ముట్టుకుంటే చల్లగా ఉంది. ఆ చల్లదనం నేను మరిచిపోలేను.

చెన్నయ్య పార పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. ఆ పార ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను ఎత్తి కిందికి తెచ్చారు. ఇద్దరూ అక్కర్లేదు, ఒకరు చాలు, అంత తేలికైపోయింది.

"ఏమైంది నాయనా నా కోడలికి?" కాశమ్మ పిల్లాణ్ణి భుజాన వేసుకుని నా ఎదుటికొచ్చి అడిగింది.

"ఎండదెబ్బ," అన్నాను.

ఆమె వంగి కోడలి నడుం కిందికి చెయ్యి పోనిచ్చింది. బొటనవేలితో తడిమింది. నా మొహంలోకి చూసింది. "ఎండదెబ్బకు ఇట్ల అయిపోతారా?" అన్నది. అరవలేదు, తిట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నేను రిజిస్టరు కోసం గుడారానికి పోయాను.

కరువు పని మీద ఎవరైనా చనిపోతే రిజిస్టరులో రాయాల్సింది నేనే. పేరు, వయసు, ఊరు, కారణం. కారణం దగ్గర కలం పట్టుకుని కూర్చున్నాను. ఆకలి అని రాస్తే విచారణ జరుగుతుంది. ప్రభుత్వం గింజలిచ్చి పని చేయించే చోట మనిషి ఆకలితో చావడం ఏమిటని పైనుంచి మనిషి వస్తాడు. ఎవరు ఎంత కొలిచారు, ఏ తరగతి, ఎవరి అంచనా, ఎవరి సంతకం అని అడుగుతాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. చెన్నయ్య బయట నిలబడి ఉన్నాడు, శవాన్ని తీసుకుపోవడానికి చీటీ కావాలి. అందుకని తొందరపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నేను తొందరపడలేదు, బాగా ఆలోచించే రాశాను. వడదెబ్బ అని రాశాను.

ఉత్తరువు ఆ శుక్రవారం వచ్చింది. తట్ట మోత హెవీ. చేతులు కాలాక ఆకులు. ఆ సాయంత్రం వరసలో ఆడవాళ్లకు గిద్దెడు ఎక్కువ కొలిచారు. వాళ్లు ఒళ్లోకి పట్టుకుని పోయారు. తర్వాతి వారాల్లో కాటా మీద వాళ్ల రాళ్లు తగ్గడం ఆగిపోయింది. అంటే నా రెండో లెక్క సరైనదే. పై అధికారి మెచ్చుకుంటూ రెండు వాక్యాలు రాశాడు. ఆ కాగితం నేను ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. మార్కాపురంలో పలకల రాయి తీసే గనుల దగ్గర, కనిగిరి వైపు రోడ్ల పనుల దగ్గర ఇలాంటి అంచనాలు మళ్లీ వేశాను. మనిషి చేసే పని ఎంతో తేల్చే ముందు ఆ పని ఒక పూటైనా నేను చేసి చూశాను. ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి వాళ్లతో నడిచాను. ఇంట్లో వాళ్లకు ఇంకా ఏం పని మిగిలి ఉందో ఆడవాళ్లనే అడిగాను. కుర్రాళ్లకు పాఠం చెప్పమని ఎవరైనా పిలిస్తే ఇదంతా చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వచ్చేవాణ్ణి. ఆ చెరువు పని నాకు నేర్పింది ఇదే అనేవాణ్ణి.

ఇది సగమే. లెక్క తప్పడం ఒక తప్పు. అది తెలియక చేశాను, దానికి నన్ను నేను ఏనాడో క్షమించుకున్నాను. గుమాస్తా అడిగిన చీటీ రాయకపోవడం, రిజిస్టరులో ఆ మాట రాయడం తెలిసే చేశాను. ఆ రిజిస్టరు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, ఉన్నా దిద్దే అధికారం నాకు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. పేరు ఓబులమ్మ. వయసు ముప్పై లోపు. పని తట్ట మోత. కారణం, ఆకలి.